సిరొంచ వైపు పొలంలో టూరిజం: రైతులు ఏమంటున్నారు, రూల్స్ ఎలా ఉండాలి

నీ ప్రశ్న చదివాను తమ్ముడూ. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మన సిరొంచ దగ్గర నాన్న పేరు మీద ఐదెకరాలు ఉన్నాయి, పత్తి, మిర్చి వేస్తున్నారు, నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి అక్కడ అగ్రి టూరిజం పెడదామనుకుంటున్నావు, పుణె వైపు బాగా నడుస్తోందని వీడియోల్లో చూశావు. ఇక్కడి రైతులు దీని గురించి ఏమనుకుంటున్నారు, ప్రభుత్వం రూల్స్ పెట్టడం మనకి మంచిదా కాదా అని అడిగావు. నాకు ప్రాణహిత ఒడ్డు ఊళ్లో మామిడి తోట, కాస్త మిర్చి ఉన్నాయి. కొన్నేళ్లుగా చలికాలంలో కాళేశ్వరం వచ్చే కుటుంబాలకి తోటలో భోజనం పెట్టి పొలం చూపిస్తున్నాం, చుట్టుపక్కల ఊళ్లలో ఇలా చేద్దామనుకునే రైతులకి కాగితాల పని కూడా చూసిపెడుతుంటాను. విన్నదీ చూసిందీ కలిపి రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

సూటిగా చెప్పాలంటే, పెట్టుకో, కానీ ఉద్యోగం ఇప్పుడే మానకు. ఇక రూల్స్ విషయానికొస్తే, ఇక్కడ ఎవరితో మాట్లాడినా రెండు మాటలు వినిపిస్తాయి. అసలు రూల్సే వద్దు, మా పొలం మా ఇష్టం అనేవాళ్లు కొందరు. గట్టిగా పెట్టాలి, లేకపోతే రిసార్టు వాళ్లు వచ్చి పడతారు అనేవాళ్లు ఇంకొందరు. నేను రెండో పక్షమే. కాకపోతే ఆ రూల్ గదిలో టైల్స్ ఉన్నాయా, గీజర్ ఉందా అని చూడకూడదు. ఆ పొలంలో ఈ ఏడు పంట ఉందా, దాన్ని పండించేది ఆ ఇంటివాళ్లేనా, పక్క రైతుకి ఇబ్బంది కలుగుతోందా, ఇవి చూడాలి. పంట నిలిచిపోయి వచ్చేవాళ్లు మాత్రమే మిగిలితే దాన్ని లాడ్జి అనాలి, లాడ్జికి ఉండే పన్నులూ అనుమతులూ దానికి వేయాలి, రైతు పేరు మీద రాయితీ ఇవ్వకూడదు. ఈ తేడా తేల్చకుండా ఎన్ని పథకాలు పెట్టినా చివరికి లాభపడేది భూమి కొనగలిగినవాడే.

పుణె సంగతి ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే చాలామంది అక్కడి లెక్కలే మన మీద వేసుకుని లోన్ తీసుకుంటున్నారు. మహారాష్ట్రలో ఈ పని ఒక పద్ధతి ప్రకారం మొదలైంది 2005లో, బారామతి ప్రాంతంలో, పాండురంగ్ తావరే ముందు నిలబడి నడిపించారు. అక్కడ పుణె కొన్ని గంటల దూరంలో ఉంది, ముంబై కూడా మరీ దూరం కాదు, శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరే జనం లక్షల్లో ఉన్నారు. మనకి జిల్లా కేంద్రం గడ్చిరోలికి పోవాలంటేనే 200 కిలోమీటర్ల పైమాట, ఆలాపల్లి దారి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. నాగపూర్, చంద్రపూర్ వాళ్లు తాడోబాలో పులిని చూసి వెనక్కి తిరుగుతారు తప్ప మన దాకా రారు. మన దగ్గరికి జనం వచ్చేది నది అవతలి నుంచే. గోదావరి మీదా ప్రాణహిత మీదా వంతెనలు పడ్డాక మంచిర్యాల, కరీంనగర్, వరంగల్, హైదరాబాద్ వాళ్లకి మనం దగ్గరయ్యాం. వాళ్లు వచ్చేది కాళేశ్వరం గుడికి, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు చూసుకుని, త్రివేణి సంగమంలో మునిగి, సాయంత్రానికి బయల్దేరాలని వస్తారు. వాళ్లకి రాత్రి బస అక్కర్లేదు. స్నానం, దర్శనం అయ్యాక ఇంటి భోజనం, శుభ్రమైన బాత్రూం, పిల్లలు కాసేపు తిరగడానికి నీడ కావాలి. ఇంకో రకం జనం వడదం ఫాసిల్ పార్క్ చూడటానికి వచ్చే బడి పిల్లలు. రాక్షసబల్లుల కాలపు శిలాజాలు మన తాలూకాలో ఉన్నాయన్న సంగతి మన పిల్లల్లోనే చాలామందికి తెలియదు. వాళ్లు సగం రోజు అక్కడ ఉంటే మిగతా సగం మనం చూపించొచ్చు. అంటే నీ ఆలోచన గదులతో మొదలు కాకూడదు, మధ్యాహ్నం భోజనంతో మొదలవ్వాలి.

సీజన్ కూడా చూసుకో. వానాకాలం మర్చిపో. 2022 జులైలో గోదావరి ఎలా వచ్చిందో చూశాం, నది పక్క చేలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మార్చి దాటితే ఎండ. మేలో మామిడి ఉంటుంది, అందరూ తోటకి వస్తామంటారు కానీ అదే నెలలో ఊరు ఊరంతా తునికాకుకి పోతుంది, పొద్దున మూడింటికి లేచి అడవికి పోయినవాళ్లు మధ్యాహ్నం కట్టలు కట్టుకుంటూ ఉంటారు. నీకు వంటకి, వడ్డనకి, పళ్లు కోయడానికి మనిషి దొరకదు, దొరికినా ఆ కూలి నువ్వు ఇవ్వలేవు. కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు, కార్తీకం నుంచి శివరాత్రి దాకా అనుకో, అంతే మన సీజన్. నాలుగు నెలల ఆదాయం మీద పన్నెండు నెలల లోన్ కట్టే ప్లాన్ వేసుకున్నవాళ్లే ఎక్కువ టెన్షన్ పడుతున్నారు.

ఇప్పుడు రైతులు ఏమంటున్నారో చెప్తాను. డబ్బులు రావేమో అన్న భయం కన్నా పొలం పాడవుతుందేమో అన్న భయమే ఎక్కువ వింటున్నా. మిర్చి రైతుని అడుగు. కల్లంలో కాయ ఎండబోసి ఉంటుంది, దూరం నుంచి చూస్తే ఎర్ర దుప్పటి పరిచినట్టు ఉంటుంది, ఫోటోకి బాగుంటుంది. చెప్పులతో నాలుగు అడుగులు లోపలికి వేస్తే చాలు, కాయ పగులుతుంది, గింజ రాలుతుంది, తొడిమ ఊడుతుంది. సాయంత్రం వాటిని వేరు చేసి తాలు కుప్పలో వేయాలి, ఆ కాయకి మార్కెట్‌లో మంచి కాయ ధరలో సగం కూడా రాదు. ఫోటో తీసుకున్నవాళ్లకి అది తెలియదు, చెప్పేలోపే అయిపోతుంది. అందుకే మేము కల్లం చుట్టూ బొంగులు పాతి తాడు కట్టి, పక్కన ఒక చాటలో విడిగా కాయ పెడతాం, పట్టుకుని చూడాలనుకున్నవాళ్లు అక్కడ చూస్తారు. చిన్నపిల్లల్ని గాలివాటున నిలబెట్టం, ఘాటుకి దగ్గుతారు.

పత్తి రైతుకి ఇంకో భయం ఉంది, అది మందు భయం. 2017లో మన విదర్భలోనే యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ విషం పీల్చి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ చేలలో రోజూ పనిచేసే మనుషులకే అలా జరిగింది. అలాంటి చేలోకి మందు కొట్టిన మూడో రోజే పట్నం పిల్లల్ని తీసుకెళ్లి పత్తి తీయండి, సరదాగా ఉంటుంది అని ఎలా అంటాం? మా దగ్గర మందు కొట్టిన చేను మొదట్లో కర్రకి ఎర్రగుడ్డ కడతాం. డబ్బా మీద రాసిన గడువు అయ్యేవరకు అది తీయం, ఆ వైపు ఎవరినీ పోనివ్వం. ఆ రోజు బుకింగ్ ఉంటే ఫోన్ చేసి వద్దని చెప్తాం. దీన్ని రూల్‌గా రాయాలి అని నేను ఏ మీటింగ్‌కి పోయినా అడుగుతూనే ఉన్నాను. మంటలార్పే సిలిండర్ ఉందా అని అడిగే ఫారంలో మందు ఎప్పుడు కొట్టారు అన్న గడి కూడా ఉండాలి. గట్టు లేని బావి, మూత లేని స్టార్టర్ డబ్బా, అడవి పందుల కోసం కొందరు దొంగతనంగా లాగే కరెంటు తీగ, ఇవి మన పొలాల్లో నిజంగా ప్రాణం తీసేవి. ఆ తీగ సంగతి పక్క చేనువాళ్లని కూడా అడిగి తెలుసుకో, చీకటి పడ్డాక వచ్చినవాళ్లని పొలంలో తిరగనివ్వకు.

ఆడవాళ్ల మాట వేరే ఉంది, అది మీటింగుల్లో ఎవరూ చెప్పరు. మగవాళ్లు కుర్చీల్లో కూర్చుని టూరిజం పెడదాం అంటారు. మరి పదిమందికి జొన్నరొట్టెలు కొట్టేది ఎవరు, పచ్చిపులుసు, తొక్కు, చేపల కూర చేసేది ఎవరు, బాత్రూం కడిగేది ఎవరు? పొద్దున మిర్చి ఏరడానికి పోయి వచ్చిన మనిషే మళ్లీ పొయ్యి ముందు కూర్చోవాలి. మా ఊళ్లో ఒక వదిన ఒకే మాట అంది, చేలో పని చేస్తే కూలైనా లెక్కకొస్తుంది, ఇంట్లో చేస్తే అదీ రాదు అని. అందుకని మేము వంట పనిని బచత్ గట్‌కి, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘానికి అప్పజెప్పాం. ప్లేటుకి ఇంత అని వాళ్ల ఖాతాలోనే పడుతుంది, మా ఇంటి ఆడవాళ్లు చేసిన రోజు వాళ్లకీ అంతే లెక్క. ఇది చేశాక రుచి బాగుపడింది, గొడవలు తగ్గాయి. నువ్వు మొదలుపెట్టే ముందు నాన్నని కాదు, అమ్మని అడుగు.

డబ్బు లెక్క ఒకసారి వేసి చూపిస్తా. ఆదివారం 12 మంది వచ్చారు, మనిషికి 350 చొప్పున తీసుకున్నావు అనుకుందాం, 4,200. సరుకులకి 1,800, ఇద్దరు మనుషులకి చెరి 400 చొప్పున 800, కట్టెలు, నీళ్లు, శుభ్రం చేయడానికి 300. మిగిలేది 1,300. ఇందులో నీ రోజు కూలి లేదు, అమ్మ కూలి లేదు. నెలకి నాలుగు ఆదివారాలు నిండితే ఐదు వేల చిల్లర, అన్నీ నిండవు. అయితే తిన్నవాళ్లు పోతూ పోతూ రెండు కిలోల మిర్చి పొడి, కందిపప్పు, పచ్చడి కొనుక్కుపోతారు, మళ్లీ ఏడాది ఫోన్ చేసి పంపమంటారు. మాకు అసలు లాభం అక్కడే కనిపించింది. దళారికి అమ్మే ధరకీ, తిని వెళ్లిన మనిషికి నేరుగా అమ్మే ధరకీ చాలా తేడా ఉంది. పంట లేకపోతే అమ్మడానికి ఏముంటుంది? పంట ఆగకూడదు అని నేను పట్టుబట్టేది ఇందుకే.

పక్క రైతుల సంగతికి వద్దాం. మన చేలకి పోయే దారులు బండ్ల బాటలు. అటూ ఇటూ చేలు, మధ్యలో ఒక బండి పట్టేంత దారి. దాంట్లో నాలుగు కార్లు వస్తే పక్క చేను పత్తి మీద దుమ్ము పడుతుంది, ఎదురు బండి వస్తే కారు చేలోకి దిగుతుంది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకి జనం వచ్చినప్పుడు ఘాట్ దారుల పక్క చేలకి ఏమైందో అందరికీ గుర్తుంది, బండ్లు నిలిపిన చోట నేల గట్టిపడి దున్నడానికి నాగలి దిగలేదు, ప్లాస్టిక్ గ్లాసులు ఏరడానికి కూలి పెట్టాల్సి వచ్చింది. కాబట్టి వచ్చేవాళ్ల కార్లు ఊళ్లోనే, రోడ్డు పక్కనే ఆపించు, అక్కడి నుంచి ఎడ్ల బండి మీదో నడిపించో తీసుకురా. బండి తోలే మనిషికి ఆ డబ్బులు పోతాయి, ఊళ్లో నలుగురికి లాభం కనిపిస్తే నీ మీద ఫిర్యాదు ఎవరూ చేయరు. నీ ఒక్కడికే లాభం, దుమ్ము అందరికీ అన్నప్పుడే గొడవ మొదలవుతుంది.

మందు విషయం కూడా చెప్పాలి, ఈసారి తాగే మందు. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో తీసేశారు, మన దగ్గర తీయలేదు. వంతెన దాటితే తెలంగాణ, అక్కడ షాపులు ఉన్నాయి, వచ్చేవాళ్లు కారులో పెట్టుకుని వస్తారు, తోట కనిపించగానే బయటికి తీస్తారు. దొరికితే నీ పొలంలో దొరికినట్టే. బుకింగ్ అప్పుడే ఫోన్‌లో చెప్పు, గేటు దగ్గర తెలుగులో, మరాఠీలో బోర్డు పెట్టు, మాట వినని గుంపుని డబ్బులు వాపసు ఇచ్చి పంపెయ్. మద్యం ఆపించింది మన జిల్లా ఆడవాళ్ల ఉద్యమమే, టూరిజం పేరుతో దాన్ని దొడ్డిదారిన తెచ్చేవాళ్లని ఊరు క్షమించదు, క్షమించకూడదు కూడా.

ఇక ఇప్పుడున్న రూల్స్. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో కృషి పర్యటన్ విధానం, అంటే అగ్రి టూరిజం పాలసీ తెచ్చింది. వ్యక్తిగత రైతు, రైతుల సహకార సంఘం, రైతుల కంపెనీ, కృషి విజ్ఞాన కేంద్రం, ఇలాంటివాళ్లు పెట్టుకోవచ్చు, కనీసం ఎకరం భూమి ఉండాలి, పర్యాటక సంచాలనాలయం (టూరిజం డైరెక్టరేట్) దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. రిజిస్ట్రేషన్‌కి 2,500, ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి 1,000 రూపాయలు. సాత్‌బారా (భూమి ఎవరి పేరు మీద ఉందో చూపే 7/12 రికార్డు), ఆధార్, పాన్, కరెంటు బిల్లు, తిండి పెడితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) రిజిస్ట్రేషన్, ఇవి సిద్ధంగా పెట్టుకో. ఆ కాగితం చేతిలో ఉంటే బ్యాంకు దగ్గర, స్కూళ్ల దగ్గర మాట చెల్లుతుంది, ముఖ్యంగా హెడ్‌మాస్టర్లు పిల్లల్ని పంపే ముందు అది అడుగుతున్నారు. కాబట్టి చేయించుకో, పెద్ద ఖర్చు కాదు.

దీని గురించి రైతుల ఫిర్యాదు ఫీజు మీద కాదు. రిజిస్ట్రేషన్ చేయించుకుంటే రేపు ఐదు ఆఫీసుల వాళ్లు వచ్చి ఐదు రకాల కాగితాలు అడుగుతారేమో అని భయం. తిండికి ఒకరు, కరెంటుకి ఒకరు, కట్టడానికి ఒకరు, పన్నుకి ఒకరు, పోలీసు రిజిస్టర్‌కి ఒకరు. రెండు ప్లేట్ల భోజనం పెట్టే రైతునీ ఇరవై గదులు కట్టినవాడినీ ఒకే ఫారం నింపమంటే చిన్నవాడు అసలు నింపడు, పెద్దవాడు మనిషిని పెట్టుకుని నింపిస్తాడు. ఇక్కడ ఇటలీ వాళ్లు చేసిన పని నాకు బాగా నచ్చింది. అక్కడ పొలం టూరిజం మీద 1985లోనే చట్టం తెచ్చారు, 2006లో దాన్ని మార్చి కొత్తది తెచ్చారు. పొలంలో అతిథుల్ని పెట్టుకోవడం వ్యవసాయానికి అనుబంధంగానే ఉండాలి, వ్యవసాయమే ప్రధానంగా ఉండాలి, అది ముఖ్యంగా పనికి పట్టే సమయాన్ని బట్టి చూడాలి అన్నది దాని మూలం. పదిమంది అతిథులకి మించకపోతే అక్కడ వ్యవసాయమే ప్రధానం అని చట్టమే ఒప్పేసుకుంటుంది, నిరూపించుకోమని రైతుని తిప్పదు. మనకీ ఇలాంటిదే కావాలి. పదిమంది లోపు భోజనాలు పెట్టేవాడు గ్రామపంచాయతీలో ఒక కాగితం ఇస్తే సరిపోవాలి. దానికి మించితే రిజిస్ట్రేషన్, గదులు కడితే పరిశీలన, పరిశీలనకి వచ్చేవాళ్లలో వ్యవసాయ శాఖ మనిషి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే పంట ఉందో లేదో చూడగలిగేది ఆయనే. ఈ ఏడు పత్తి వేశావా, ఎన్ని క్వింటాళ్లు అమ్మావు, రసీదు చూపించు అని అడగనీ, నిజమైన రైతుకి ఆ ప్రశ్న భారం కాదు.

రూల్స్ వద్దు అనే రైతులకి నేను చెప్పే మాట కూడా ఇదే. రూల్ లేకపోతే మనం స్వేచ్ఛగా ఉంటాం అనుకోవద్దు, మనకన్నా డబ్బున్నవాడు ఇంకా స్వేచ్ఛగా ఉంటాడు. నది కనిపించే భూముల కోసం ఇప్పటికే అవతలి నుంచి ఫోన్లు వస్తున్నాయి, లీజుకిస్తారా, పదేళ్లకి రాసిస్తారా అని. మహారాష్ట్రలో రైతు కానివాళ్లు వ్యవసాయ భూమి నేరుగా కొనలేరు, అందుకని లీజు, పార్ట్‌నర్‌షిప్ అని వస్తారు. మనది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం. ఆదివాసీ రైతు భూమిని ఆదివాసీ కానివాళ్లు కొనడమే కాదు, కలెక్టర్ అనుమతి లేకుండా లీజుకి తీసుకోవడం కూడా కుదరదు, మహారాష్ట్ర భూమి రెవెన్యూ చట్టంలోనే ఉంది. పక్కన గోండు రైతు భూమి కూడా కలుపుకుని పెద్దగా చేద్దాం అని నీకు ఎవరైనా సలహా ఇస్తే వినకు. ఆయనకి ఇష్టమైతే ఆయన భూమిలో ఆయనే పెట్టుకుంటాడు, నువ్వు జనాన్ని ఆయన దగ్గరికి పంపు, ఆయన నీ దగ్గరికి పంపుతాడు.

గ్రామసభ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు గానీ నా ఉద్దేశంలో దీనికి సరైన కాపలా అదే. 1996 పెసా చట్టం, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం, మన ప్రాంతంలో గ్రామసభకి బలం ఇచ్చింది. మన జిల్లాలోనే ధానోరా వైపు మెండా లేఖా ఊరు ఉంది, మా ఊళ్లో మేమే సర్కారు అని నిలబడి 2009లో సామూహిక అటవీ హక్కులు సాధించుకున్న ఊరు, దేశంలో అలా సాధించినవాటిలో అది మొదటివాటిలో ఒకటి. అడవినే చూసుకోగలిగిన జిల్లాలో వారానికి ఎన్ని కార్లు ఊళ్లోకి రావాలి, ఎక్కడ ఆపాలి, చెత్తకి ఎంత కట్టాలి, రాత్రి ఎన్ని గంటలకి పాటలు ఆపాలి అన్నది ఊరు తేల్చుకోలేదా? ముంబైలో కూర్చున్నవాళ్లు రాసే రూల్‌లో బండ్ల బాట వెడల్పు ఉండదు. ఏడాదికోసారి గ్రామసభలో ఆ రైతు నిలబడి ఇంతమంది వచ్చారు, ఇంత కూలి ఊళ్లో పంచాను అని చెప్పాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు అక్కడే చెప్పాలి. సర్పంచ్ బంధువు అయితే ఏం చేస్తారు అని అడుగుతారు కొందరు, ఆ భయం నిజమే, అందుకే పక్క చేలవాళ్ల సంతకాలు విడిగా ఉండాలి అంటున్నాను.

రెండు మూడు విషయాలు తొందరగా చెప్పేస్తా. పొలం మోటారు కరెంటు నుంచి గదులకి వైరు లాగకు. వ్యవసాయ కనెక్షన్ వేరే పనికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కిందికి వస్తుంది. 7.5 హెచ్‌పీ లోపు పంపులకి ఉచిత కరెంటు ఇస్తున్న ఈ రోజుల్లో దాన్ని పోగొట్టుకోవడం తెలివి కాదు. విడిగా మీటరు తీసుకో. పంట ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు గానీ భోజనాలు, బస మీద వచ్చింది పంట ఆదాయం కిందికి రాదు, దానికి పుస్తకం విడిగా రాయి. కాంక్రీటు గది కట్టే ముందు తహసీల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు, తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) నోటిమాట మీద పునాది తీయకు. వచ్చేవాళ్ల పేరు, ఫోన్, ఆధార్ నంబరు చివరి అంకెలు ఒక రిజిస్టర్‌లో రాసుకో, మన జిల్లాలో అది నీకే రక్షణ.

గోదావరి పుష్కరాలు 2027లో ఉన్నాయి కాబట్టి ఇప్పుడే గదులు కట్టెయ్యాలి అని నీకు చాలామంది చెప్తారు. నా మాట విను, పన్నెండు రోజుల జనం కోసం పత్తి చేలో పునాది తవ్వకు. ఆ పన్నెండు రోజులకి గడ్డి పందిరి, రెండు బాత్రూములు, మంచినీళ్ల డ్రమ్ము, భోజనం చాలు, జనం పోయాక పందిరి పీకేస్తే ఆ నేలలో మళ్లీ అరక పెట్టొచ్చు. ఈ చలికాలం సెలవు పెట్టి రా, నాలుగు ఆదివారాలు తెలిసినవాళ్లని మాత్రమే పిలిచి నడిపి చూడు. అంతకన్నా ముందు సాత్‌బారా ఉతారా తీయించి చూడు. నాన్న పేరుతో పాటు బాబాయిల పేర్లో, పెళ్లయిన అత్తల పేర్లో ఉంటే వాళ్ల సమ్మతి పత్రం లేకుండా రిజిస్ట్రేషన్‌కి పోకు, మన వైపు దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. ఆ ఉతారా వచ్చాక ఇక్కడే రాయి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్తాను.